నిరీక్షణ సిగ్గుపరచదంటారు, మరి నాకెందుకీ సిగ్గు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే మాట చుట్టూ తిరిగాయి: నిరీక్షణ. మొదటి ఉత్తరం వారం రోజులు నా బైబిల్లోనే ఉండిపోయింది. జవాబు రాద్దామని కూర్చోవడం, మళ్లీ మడిచి పెట్టేయడం. దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతా ఇద్దరూ ఏమీ అనుకోరనే నమ్మకం ఉంది.

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. నేను మీ కూతురి వయసుదాన్ని. నిరుడు మా అన్నయ్యకు లివర్ క్యాన్సర్ అని తేలింది. వయసు 41. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఒకరోజు యిర్మీయా 29:11, అంటే "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్న వచనం చదువుతుంటే ఆ మాట దేవుడు నాతోనే చెప్పినట్టనిపించింది. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, "మా అన్నయ్య బతుకుతాడు, దేవుడు నాకు వాగ్దానమిచ్చాడు" అని సాక్ష్యం చెప్పాను. ఏడు వారాలకు అన్నయ్య ప్రభువునందు నిద్రించాడు. వదిన ఆరాధనకు రావడం మానేసింది. విశ్వాసం చాల్లేదని ఒకరు, ఏదో పాపం అడ్డం వచ్చిందని ఇంకొకరు అంటున్నారు. "నిరీక్షణ మనలను సిగ్గుపరచదు" అని రోమా పత్రికలో ఉంది కదా, మరి నేనెందుకు తలెత్తుకోలేకపోతున్నాను? నిరీక్షణ వల్ల ఎన్నో దీవెనలంటారు. నాకేం దొరికింది? మళ్లీ నిరీక్షించాలంటే భయమేస్తోంది. – ఒక సహోదరి

జవాబు: తల్లీ, ముందు నీ మీద పడ్డ ఆ రెండు మాటలూ దులిపేద్దాం. విశ్వాసం చాలకే మీ అన్నయ్య పోయాడని ఎవరైనా అంటే, వాళ్లను రెండో తిమోతి పత్రిక చివరి అధ్యాయం తీయమను. త్రోఫిముకు జబ్బు చేస్తే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని పౌలు ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోతాడు. ఎఫెసులో ఈ పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి వేస్తేనే రోగాలు వదిలిపోయాయి. ఆ మనిషే ఎఫెసువాడైన సొంత స్నేహితుణ్ని మంచంలో వదిలి రావలసి వచ్చింది. అందుకని పౌలుకు విశ్వాసం తగ్గిందని మన సంఘాల్లో ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు. నీకు మాత్రం ఆ మాట ఎందుకు? పాపం సంగతికి ప్రభువే యోహాను 9లో జవాబు చెప్పేశాడు. పుట్టు గుడ్డివాణ్ని చూసి, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు.

ఇక నువ్వు పట్టుకున్న వచనం. కోప్పడుతున్నానని అనుకోకు. నేను ముప్ఫై రెండేళ్లు నర్సుగా పనిచేశాను, ఎన్నో మంచాల పక్కన ఆ పదకొండో వచనమే చదివాను. దాని పైనున్న పదో వచనం మాత్రం చదివేదాన్ని కాదు. అందులో 70 ఏళ్లు అని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, 70 ఏళ్లు నిండాక మిమ్మల్ని మళ్లీ తీసుకొస్తాను అని దేవుడు చెప్పించాడు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తున్నప్పుడు అక్కడ నలభై దాటినవాళ్లు ఎంతమంది కూర్చుని ఉంటారో ఒక్కసారి ఆలోచించు. వాళ్లకు యెరూషలేము మళ్లీ చూసే రాత లేదు. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్న మాట వాళ్లు కూడా విన్నారు.

దాని ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారన్నాడు. బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీదున్న కాడి తీసి, విరగ్గొట్టి మరీ చెప్పాడు. అది మొదట విన్నప్పుడు యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయునుగాక అన్నాడు. ఆయనకూ అలాగే జరగాలని ఉంది. అయినా దేవుడు తనకిచ్చిన మాట అది కాదని తెలుసు. కాబట్టి మీ అన్నయ్య బతకాలని నువ్వు కోరుకోవడంలో ఏ తప్పూ లేదు తల్లీ. ఫలితం, తేదీ మనమే రాసేసుకుని కింద దేవుని సంతకం ఉందనుకున్నాం, పొరపాటు అక్కడ జరిగింది. మనం అనే అంటున్నాను, నిన్నొక్కదాన్నే అనడం లేదు.

మన భాషలో నిరీక్షణ అంటే మామూలుగా ఎదురుచూపు. క్యూలో గంటల తరబడి నిరీక్షణ అని పేపర్లో రాస్తుంటారు. సంఘంలో మనం అదే మాట మీద ఇంకా పెద్ద బరువు మోపాం. ఆశ అనే మాటకు దురాశ, అత్యాశ, పేరాశ అన్నీ చుట్టాలు. అందులో నాకేదో కావాలన్నదే ముందుంటుంది. నిరీక్షణలో ఉన్నది ఈక్షణం, అంటే చూపు. ఎవరో వస్తారని గుమ్మం వైపు పెట్టిన చూపు. హెబ్రీలో దీనికి తిక్వా అనే మాట ఉంది. ఆ మాటకే దారం అని కూడా అర్థం. యెరికోలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారం దగ్గర ఆ మాటే కనబడుతుంది. యోబు తన రోజులు నేతగాని నాడెకంటే, అంటే మగ్గంలో దారాన్ని మోసే పనిముట్టుకంటే, వడిగా గడిచిపోతున్నాయని, నిరీక్షణ లేక క్షయమైపోతున్నాయని ఏడుస్తాడు. నాడె అటూ ఇటూ పరుగెత్తి పరుగెత్తి చివరికి దారం అయిపోయిందన్న మాట కూడా హెబ్రీలో అందులోనే వినిపిస్తుంది. యోబు అంత మాట అన్నా దేవుడు దాన్ని బైబిల్లోంచి తీసేయించలేదు. నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆ దారమే గుర్తొచ్చింది.

ప్రభువు సిలువ మీద చనిపోయాక ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరు శిష్యులదీ నీ పరిస్థితే. ఇశ్రాయేలును విమోచించేవాడు ఈయనే అని "మేము నిరీక్షించియుంటిమి" అన్నారు. చూశావా, నిరీక్షణను భూతకాలంలో పెట్టేశారు. ఆ మాట వాళ్లు పక్కన నడుస్తున్న ప్రభువుతోనే అంటున్నారు, ఆయనెవరో తెలియక. ఆయన వాళ్లను మొత్తం చెప్పనిచ్చాడు. మందలించాడు, లేఖనాలు విప్పి చెప్పాడు, కానీ వాళ్ల కథ పూర్తిగా విన్నాకే. నువ్వు కూడా "నిరీక్షించియుంటిని" అని ఆయనతో అనొచ్చు. ప్రార్థనలో అందంగా మాట్లాడాల్సిన పని లేదు.

నిరీక్షణ వల్ల దీవెన ఏమిటని అడిగావు. పుస్తకంలో చదివింది కాక, నేను నా ఇంట్లో చూసింది చెప్తాను.

మా వారు 26 ఏళ్లు పాస్టరుగా సేవ చేశారు. చివర్లో గుండె బాగా బలహీనపడింది. ఇక నెలలే అని డాక్టరు నన్ను విడిగా పిలిచి చెప్పారు. చెప్పకపోయినా ఆ రిపోర్టులు చదవడం నాకు వచ్చు. సరిగ్గా ఆ వారంలోనే ఆయన కళ్లజోడు మార్పించమని పట్టుబట్టారు. బైబిలు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయట. నాకు కోపం వచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్లజోడు కోసం బయటికి వెళ్లాలా? "ఇప్పుడెందుకండీ" అన్నాను. ఆ "ఇప్పుడు"లో నేనేం అంటున్నానో ఆయనకు అర్థమైంది. "చదవాల్సింది ఇంకా ఉంది కదా" అన్నారు, అంతే. వెళ్లాం. కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన ఆ ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతుంటే బడిపిల్లాడిలా ఒక్కో వరసా చదివారు. అన్నిటికన్నా కింద చీమల్లా ఉన్న వరస కూడా చదివేసి, నా వైపు తిరిగి నవ్వారు. ఆ కళ్లజోడు ఆయన పంతొమ్మిది రోజులు పెట్టుకున్నారు.

ఆయన పోయాక చాలా కాలం ఆ కళ్లజోడు పెట్టె ముట్టుకోలేకపోయాను. వృథా అయిందనిపించేది. తర్వాత ఒక రాత్రి యిర్మీయా 32 చదివాను, ఎన్నోసారో లెక్క లేదు, కానీ ఆ రాత్రే మొదటిసారి కళ్లకు కట్టింది. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ముట్టడి దిబ్బలు వేసింది. యిర్మీయా చెరసాల ఆవరణలో బందీ. ఆ సమయంలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో అంటాడు. శత్రువు చేతికి పోబోతున్న దేశంలో పొలం! యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షుల్ని పెట్టాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, వేయని ప్రతి ఒకటి. చాలా రోజులు చెడిపోకుండా ఉండాలని రెండూ మట్టికుండలో పెట్టించమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు ఈ దేశంలో ఇంకా కొంటారని దేవుడు చెప్పాడు కాబట్టి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది దాని తర్వాత వచ్చే ప్రార్థన. పత్రం అప్పగించేశాక యిర్మీయా దేవుని దగ్గర కూర్చుని, ప్రభువా, ముట్టడి దిబ్బలు చూడు, పట్టణం పడిపోతోంది, అయినా నన్ను పొలం కొనమన్నావే అంటాడు. వెండి ఇచ్చేశాడు, లోపల టెన్షన్ మాత్రం పోలేదు. నిరీక్షణ ఉన్నవాడికి మనసులో అలజడే ఉండదని మనం పాటల్లో పాడుకుంటాం గానీ, యిర్మీయా అలా లేడు. చేతులు దేవుడు చెప్పిన పని చేశాయి, మనసు కాస్త ఆలస్యంగా వెనకాల వచ్చింది.

మా వారు యిర్మీయా పొలాన్ని తలుచుకుని కళ్లజోడు మార్పించుకున్నారని నేను చెప్పను. ఆయనకు అక్షరాలు కనబడలేదు, అంతే. కానీ చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి రోజులు లెక్కపెడుతూ గోడవైపు తిరిగి పడుకోలేదు. ఉన్న పంతొమ్మిది రోజులూ తనవే అన్నట్టు ఉన్నారు. యోహాను సువార్త చివరి అధ్యాయాలు రెండుసార్లు చదివారు, నాకు పైకి చదివి వినిపించారు. అది స్వస్థత కాదని నాకు తెలుసు. దీవెన కాదని మాత్రం నాతో ఎవరూ అనిపించలేరు.

ఇప్పుడు సిగ్గు సంగతి. రోమా 5లో పౌలు ఆ మాట అనే ముందు దేన్ని గురించి నిరీక్షణో చెప్పాడు: దేవుని మహిమను గురించి. ఆ నిరీక్షణ ఎందుకు సిగ్గుపరచదో కూడా చెప్పాడు: దేవుని ప్రేమ మన హృదయాల్లో కుమ్మరించబడింది కాబట్టి. మనుషుల ముందు నీకెప్పుడూ తలవంపులు రావని పౌలు అనలేదు. ఆయనే ఎన్ని చెరసాలల్లో కూర్చున్నాడు! నువ్వు ఆరాధనలో చెప్పిన మాట మళ్లీ ఒకసారి చూడు. "మా అన్నయ్య బతుకుతాడు." ఆ మాట అబద్ధం కాలేదు తల్లీ. సహోదరుడు లాజరును పోగొట్టుకున్న మార్తతో, నీ సహోదరుడు మరల లేచునని ప్రభువు అన్నాడు. మార్త అంత్యదినాన లేస్తాడని తనకు తెలుసంది. మీ అన్నయ్య విషయంలో నీకూ నాకూ ఉన్నది ఆ మార్త నమ్మకమే, అది చిన్నది కాదు. క్రీస్తు సమాధిలోంచి లేచాడు గనుకనే పేతురు దాన్ని జీవముతో కూడిన నిరీక్షణ అన్నాడు. ఇంకో సంగతి: కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దారిలో కన్నీళ్లు విడిచాడు. కాబట్టి పునరుత్థానం పేరు చెప్పి నీ ఏడుపు ఆపమని నేననను. థెస్సలొనీకయులకు కూడా పౌలు ఏడవొద్దని రాయలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు.

నా సలహా ఒకటుంది, కష్టమైనదే. మీ పాస్టరు గారితో ముందుగా మాట్లాడి, ఒక ఆదివారం అదే చోట మళ్లీ నిలబడు. "అన్నయ్య బాగవుతాడని చెప్పాను. అలా జరగలేదు. నాకు చాలా బాధగా ఉంది. అయినా నేను ఇక్కడికే వచ్చాను. మా వదిన కోసం ప్రార్థించండి" అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చో. బాగైన కథలే సాక్ష్యాలని అలవాటు పడ్డ సంఘానికి ఆ నాలుగు ముక్కలూ చాలా అవసరం. నీలాగే లోపల మగ్గుతున్నవాళ్లు ఆ వరసల్లో ఇంకా ఉంటారు.

వదిన దగ్గరికి వెళ్లినప్పుడు వచనాలు తీసుకెళ్లకు. ఆరాధనకు ఎందుకు రావడం లేదని అడగకు. అన్నయ్య గురించి మాట్లాడు, ఆయన పేరు పలుకు. భర్త పోయినవాళ్ల ముందు ఆ పేరు ఎత్తడానికి అందరూ భయపడతారు. మేం మాత్రం ఆ పేరు వినాలనే చూస్తుంటాం. పిల్లలుంటే వాళ్లను ఒక పూట నీ దగ్గర ఉంచుకుని ఆమెను నిద్రపోనివ్వు.

మళ్లీ నిరీక్షించాలంటే భయం అన్నావు. నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన ఉండేవాడు, నొప్పితో నిద్రపట్టక గంటకోసారి "తెల్లారిందా సిస్టర్" అని అడిగేవాడు. "ఇంకా లేదు తాతయ్యా, వస్తుంది" అనేదాన్ని. తెల్లవారుజామున మూడింటికి కిటికీ ఎంత నల్లగా ఉంటుందో వార్డులో మెలకువగా ఉన్నవాళ్లకే తెలుసు. నా ప్రాణం ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉంది, కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టేదానికంటే ఎక్కువగా అని 130వ కీర్తన రెండుసార్లు అంటుంది. కావలివాడు సూర్యుణ్ని తొందరపెట్టలేడు. మెలకువగా ఉంటాడు, చుట్టూ ఒక తిరుగుడు తిరిగొస్తాడు. నేనూ అంతే చేసేదాన్ని; దిండు సర్ది, నీళ్లు తాగించి, ఇంకో మంచం దగ్గరికి వెళ్లేదాన్ని. నువ్వు ప్రస్తుతానికి అంతకన్నా ఎక్కువ చేయక్కర్లేదు.

ప్రశ్న: విశ్వాసం, నిరీక్షణ ఒకటేనా? రెంటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. – ఒక యౌవన సహోదరుడు

జవాబు: ఒకదాన్నొకటి వదిలి ఉండవు, అందుకే కలిసిపోతాయి బాబూ. దేవుడు చెప్పింది నిజమని ఇప్పుడు ఒప్పుకోవడం విశ్వాసం. ఆ నిజం పూర్తిగా కనబడే రోజు వైపు మొహం తిప్పి బతకడం నిరీక్షణ. అబ్రాహాము 75 ఏళ్లకు హారాను విడిచి బయల్దేరాడు, ఇస్సాకు పుట్టేసరికి ఆయనకు 100. బయల్దేరిన రోజు విశ్వాసం పని చేసిందనుకో. మధ్యలో ఆ పాతికేళ్లు గుడారంలో కాపురం చేయించింది నిరీక్షణ. హెబ్రీ పత్రిక దాన్ని ఆత్మకు లంగరు అంటుంది. రోమ్‌లో తొలి క్రైస్తవులు తమవాళ్లను పాతిపెట్టిన భూగర్భ సమాధుల గోడల మీద లంగరు బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. అపొస్తలుల కార్యములు 27 కూడా చదువు. తుపానులో చిక్కుకున్న, పౌలుతో కలిపి 276 మంది ఉన్న ఓడలో, తప్పించుకుంటామన్న ఆశ పూర్తిగా పోయాక, చీకట్లో నాలుగు లంగరులు వేసి ఎప్పుడు తెల్లవారుతుందా అని చూశారు. పద్నాలుగు రోజులుగా ఏమీ తినని వాళ్లను పౌలు ముందు తినమన్నాడు.

ప్రశ్న: అమ్మగారూ, ఏడాదిగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. నిజమైన నిరీక్షణ ఉన్నవాడికి మాత్రలు ఎందుకని మా ప్రార్థన గుంపులో ఒకరన్నారు. మానేద్దామా అనుకుంటున్నాను. – పేరు రాయడం ఇష్టం లేదు

జవాబు: మానొద్దు నాయనా. నర్సుగా చెప్తున్నాను, అమ్మగా కూడా చెప్తున్నాను. ఆ మందులు ఉన్నట్టుండి ఆపితే ఒంటికి, మనసుకు రెంటికీ ప్రమాదం. తగ్గించాలన్నా మీ డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. బీపీ మాత్ర వేసుకునేవాణ్ని నీకు నిరీక్షణ లేదా అని ఎవరూ అడగరు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని, చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి తినిపించి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, హోరేబులో.

నీకు కూడా చావు ఆలోచనలు వస్తుంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పు, ఈరోజే డాక్టరుకు చెప్పు. రేపటి వరకు ఆగొద్దు.

బైబిలు తెరవాలంటే కూడా బరువుగా ఉన్న రోజుల్లో 88వ కీర్తన చదువు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. చివర్లో ఒక్క మంచి మాట కూడా కలపలేదు, అలాగే ఉంచారు. ఆ చీకటి గురించి చెప్పుకుంటున్నది కూడా దేవునితోనే. రాత్రి మాత్ర వేళకు వేసుకో. నిద్ర ఎన్ని గంటలు పడుతోందో, ఆకలి ఎలా ఉందో వచ్చే ఉత్తరంలో నాకు రాయి.